గర్భసంచి తీయించేయాలా, లూప్ వేయించుకుని చూడాలా?

నేను బెంగళూరు వచ్చి పద్నాలుగేళ్ళయింది. అయినా అనంతపురం నుంచి మా వదినలూ చిన్నమ్మ కూతుళ్ళూ ఫోన్ చేస్తే ఈ మధ్య ఒకటే ప్రశ్న: "గడ్డలున్నాయంట, గర్భసంచి తీసేయాలంటున్నారు, నువ్వేం చేశావ్?" ఒక్కొక్కరికీ చెప్పే ఓపిక లేక రాస్తున్నా.

క్యాన్సరని తేలితే ఈ బేరీజులు పనికిరావు, డాక్టర్ చెప్పినట్టు నడవాల్సిందే. సంచి కిందికి జారినా, కాన్పులో రక్తం ఆగకపోయినా లెక్క వేరు. నేను చెప్పేది క్యాన్సర్ కాని మామూలు గడ్డల (ఫైబ్రాయిడ్ల) వల్ల నెలనెలా రక్తం పోయి నీరసపడిపోయేవాళ్ళ సంగతి.

నాకు 45. హిమోగ్లోబిన్ 7.8కి పడిపోయింది. సిల్క్ బోర్డ్ ట్రాఫిక్‌లో ఇరుక్కుంటే గుండె దడ, క్యాబ్ సీటు మీద ముదురు రంగు పాత టవల్ మడిచి వేసుకుని కూర్చునేదాన్ని. మొదట చూసిన డాక్టర్ స్కాన్ సగం చూసి "పిల్లలయ్యారుగా, తీసేద్దాం" అన్నారు. రెండో డాక్టరమ్మ మాత్రం రిపోర్టు వెనకాల సంచి బొమ్మ గీసి, గడ్డ ఉన్నచోట పెన్నుతో చుక్క పెట్టింది. లోపలికి పొడుచుకొచ్చిన గడ్డ చిన్నదైనా రక్తం కారిస్తుందట, బయటివైపున్నది నిమ్మకాయంత ఉన్నా ఒక్కోసారి తెలియనే తెలియదట. నాది గోడలో ఉంది, లోపలి ఆకారం చెడలేదు, బయాప్సీలో కూడా ఏమీ లేదు. అందుకే హార్మోన్ లూప్ (సంచి లోపల పెట్టే, కొద్దికొద్దిగా హార్మోన్ వదిలే చిన్న పరికరం) వేయించుకున్నా. మొదటి నాలుగు నెలలు చుక్కలు చుక్కలుగా పడుతూ విసిగించింది, తర్వాత దాదాపు ఆగిపోయింది.

ఆపరేషన్‌కీ మంచి ఉంది, కాదనను. ఒక్కసారితో పీడ వదులుతుంది, మళ్ళీ గడ్డ పెరుగుతుందన్న బెంగ ఉండదు. ఆరు వారాలు బిందె ఎత్తకుండా ఇంట్లోవాళ్ళు చూసుకుంటే చాలు (ఆ చూసుకునేవాళ్ళు ఎవరన్నదే ప్రశ్న).

నా దృష్టిలో మాత్రం అసలు తేల్చేది ఒకటే, ముట్లాగిపోవడానికి ఇంకా ఎన్నేళ్ళుంది? మన ఆడవాళ్ళకి సగటున 46, 47 దగ్గర ఆగిపోతాయి, తర్వాత గడ్డలు మామూలుగా వాటంతటవే కుంచించుకుపోతాయి. ఐదేళ్ళు పనిచేసే లూప్‌తో నేను ఆ గట్టెక్కగలను. 36 ఏళ్ళామెకి పదేళ్ళపైనే నెట్టాలి కాబట్టి ఆపరేషన్ అనుకోవడంలో తప్పులేదు, కానీ అండాశయాలు ఉంచమని గట్టిగా అడగాలి. మా అక్కకి 38 ఏళ్ళప్పుడు ఎలాగూ పొట్ట కోశాం కదా అని అవి కూడా తీసేశారు. వారం తిరక్కముందే ఒంట్లో ఆవిర్లు మొదలయ్యాయి, ఇప్పుడు ఎముకలు గుల్లబారాయి.

2015-16 జాతీయ సర్వేలో 15-49 ఏళ్ళ ఆడవాళ్ళలో గర్భసంచి తీయించుకున్నవాళ్ళు దేశం మొత్తమ్మీద 3.2 శాతమైతే ఆంధ్రలో 8.9, తెలంగాణలో 7.7. మన సంచులు మాత్రమే అంత పాడయ్యాయా?

గడ్డ ఒక్కటే తీయడం పిల్లలు కావాలనుకునేవాళ్ళకి మంచిదే, మళ్ళీ రావచ్చు. గడ్డకి రక్తం అందించే నాళం మూసే పద్ధతి పెద్ద ఊళ్ళలోనే దొరుకుతుంది. బ్లీడింగ్ తగ్గించే మాత్రలు ఆ నాలుగు రోజులకి సాయం, అంతే.

వదినా, నువ్వు వాట్సాప్‌లో పంపింది ఆపరేషన్ ఖర్చు ఎస్టిమేట్. గడ్డ ఎక్కడుందో రాసిన స్కాన్ పేజీ పంపు.