నెల్లూరు నుంచి విమానం: చెన్నైయా, రేణిగుంటా?

మా నెల్లూరుకు విమానాశ్రయం లేదు. దగదర్తిలో కడతారన్న మాట విని ఏళ్లు గడిచాయి. అది వచ్చేదాకా దక్షిణాన చెన్నై, నైరుతి వైపు తిరుపతి విమానాశ్రయం ఉన్న రేణిగుంట, ఈ రెండే మాకు దిక్కు. టికెట్ ధర ఒక్కటే చూస్తే చాలాసార్లు చెన్నైదే గెలుపు. అక్కడ ఢిల్లీకి రోజంతా విమానాలుంటాయి, పోటీ ఉంటుంది, కాబట్టి ధరా దిగుతుంది. నేనూ చాలాకాలం ఫోనులో కనిపించే ఆ అంకెనే నమ్ముకున్నాను.

ఆ నమ్మకం ఒక తెల్లవారుజాము ప్రయాణంతో పోయింది. అమ్మ, నా భార్య, నేను ఢిల్లీ వెళ్లాలి. చెన్నైలో ఉదయం ఆరింటిలోపు బయలుదేరే విమానానికి తలకు 1,200 రూపాయలు తక్కువ. ముగ్గురికి 3,600 మిగిలిందని సంబరపడ్డాను. కానీ దేశీయ విమానాలకు సామాను తీసుకునే కౌంటర్ గంట ముందే మూసేస్తారు. ఆ వేళకు మెట్రో ఇంకా మొదలు కాదు. అందుకని రాత్రి పదకొండున్నరకే కారు మాట్లాడుకున్నాం. తిరుగు ప్రయాణంలో కారు ఖాళీగా వస్తుంది కనుక రానూపోనూ కిలోమీటర్లు మనవే. టోల్ గేట్లు, డ్రైవర్ బత్తా, అఖిల భారత పర్మిట్ లేని కారు కావడంతో తమిళనాడు పన్ను, అన్నీ కలిపి 5,600 అయింది. అదే రేణిగుంటకైతే 3,200తో పోయేది. అంటే మిగిలిన 3,600లో 2,400 కారే మింగేసింది. విమానాశ్రయంలో మూడు దోసెలకు, మూడు కాఫీలకు ఇంకో 900. చివరికి చేతిలో మిగిలింది 300. తడ దగ్గర టీ కోసం ఆగినప్పుడు అమ్మ కారు దిగలేదు. కాళ్లు వాచి చెప్పులు పట్టడం లేదు. ఆ మూడు వందలు నాకు ఇప్పటికీ గుర్తే.

ఇందులో మేం పట్టించుకోని సంగతి ఇంకొకటుంది. నెల్లూరు నుంచి వెళ్లేవాళ్లు చెన్నైలో ఉత్తరం వైపు నుంచి అడుగుపెడతారు. విమానాశ్రయం ఉన్న మీనంబాక్కమేమో నగరానికి అవతలి పక్క. కారులో వెళితే ఊరంతా దాటాలి, లేదంటే పుళల్ దగ్గర బైపాస్ పట్టుకుని చుట్టి రావాలి. ‘చెన్నై ఎంత దూరం, మూడు గంటలేగా’ అనేవాళ్లు సెంట్రల్ స్టేషన్ దాకానే లెక్క చెబుతారు.

అయితే ఒక్కరే వెళ్లేటప్పుడు, అదీ సాయంత్రం విమానమైతే, చెన్నైకి సాటి లేదు. ఉదయం పది ప్రాంతంలో పినాకిని ఎక్స్‌ప్రెస్ ఎక్కితే మధ్యాహ్నం ఒంటిగంటకు కాస్త అటూఇటుగా సెంట్రల్‌లో ఉంటాం. బేసిన్ బ్రిడ్జి దగ్గర ప్లాట్‌ఫాం ఖాళీ కోసం ఆగడం మామూలే కాబట్టి ఒక గంట చేతిలో పెట్టుకోవాలి. స్టేషన్ ఎదురుగా భూగర్భంలో మెట్రో ఎక్కితే నేరుగా విమానాశ్రయంలోనే దిగవచ్చు, టికెట్ యాభై రూపాయలు దాటదు. రైలు, మెట్రో కలిపినా ఖర్చు ఇంటి నుంచి నెల్లూరు స్టేషన్‌కు ఆటో అడిగే ధరకు కాస్త ఎక్కువ, అంతే. వెనక్కి వచ్చేటప్పుడు మాత్రం క్యాబ్ కావాలంటే బహుళ అంతస్తుల పార్కింగ్ దాకా సామాను తోసుకుంటూ నడవాలి. చేతిలో ఒక్క సంచి ఉన్నవాడికి ఇదేమీ కష్టం కాదు. మోకాళ్ల నొప్పులున్నవారి సంగతి వేరు.

రేణిగుంట సుఖమంతా ఆ విమానాశ్రయం చిన్నది కావడంలోనే ఉంది. కారు దిగిన చోటి నుంచి లోపలికి నాలుగడుగులు, తనిఖీ దగ్గర చిన్న వరుస. గూడూరు, నాయుడుపేట, శ్రీకాళహస్తి మీదుగా దారి కూడా తిన్నగా ఉంటుంది. దాని లోటూ అదే. విమానాలు కొన్నే, చాలావాటికి హైదరాబాద్‌లో మారాలి. ఢిల్లీకి ఆ మారడంలోనే రెండు మూడు గంటలు పోతాయి. ఉన్న విమానం రద్దయితే చెన్నైలోలాగా గంటలో ఇంకొకటి దొరకదు. పైగా వారాంతాల్లో తిరుమల యాత్రికులతో సీట్లు నిండిపోయి ధర కొండెక్కుతుంది. మంగళ, బుధవారాలు చూసుకుని ముందుగా కొంటే చెన్నైతో తేడా బాగా తగ్గడం నేను చాలాసార్లు గమనించాను.

విదేశాలకైతే లెక్క మారుతుంది. కువైట్‌కో సింగపూర్‌కో వెళ్లేవాళ్లకు చెన్నై నుంచి నేరుగా విమానాలున్నాయి, ఆలోచించే పని లేదు. శంషాబాద్‌లో మారి వెళ్లేవాళ్లు రేణిగుంట నుంచి గమ్యం దాకా ఒకే టికెట్‌గా కొనాలి. రెండు టికెట్లు విడివిడిగా చవకగా కనిపించవచ్చు. కానీ మొదటి విమానం ఆలస్యమై రెండోది తప్పిపోతే ఆ డబ్బు అంతే. ఇంకో చిక్కు, విడిగా కొన్న దేశీయ టికెట్ మీద మామూలుగా 15 కిలోలకే అనుమతి. అమెరికాకు పచ్చళ్లు, పొడులు సర్దుకున్న రెండు పెద్ద పెట్టెలకు రేణిగుంటలోనే అదనపు రుసుము కట్టించుకుంటారు.

వచ్చే నెల అమ్మను మళ్లీ ఢిల్లీ పంపాలి. రేణిగుంట నుంచి, బుధవారం, పగటి విమానానికి కొన్నాను. చెన్నై కంటే 900 ఎక్కువే పడింది. అదే వారంలో నాకూ అక్కడ పని ఉంది. నేను మాత్రం పినాకినిలో చెన్నై వెళ్తున్నాను. ఇద్దరూ ఒకేసారి వెళ్లవచ్చు కదా అని నా భార్య అడిగింది. శ్రీకాళహస్తిలో ఆగి దర్శనం చేసుకుంటానని అమ్మ అప్పుడే మా తమ్ముడితో మాట్లాడేసుకుందట.