సోఫా మీద పిల్లి ఉచ్చ: చాలాకాలం వాడాక నిలిచిన సామాను, అటకెక్కిన సామాను

ఫ్లాట్‌లో పెరిగే పిల్లి సోఫానో పరుపునో తడపడం మొదలెడితే ఎవరి చెయ్యైనా ముందు వాసన పోగొట్టే స్ప్రేల మీదికే పోతుంది. అలా కొన్నవన్నీ వాడి చూశాక తేలిందేమిటంటే, కడిగే మందు సగం పనే చేస్తుంది, మిగతా సగం లిట్టర్ బాక్స్‌ది, అంటే పిల్లి పోసుకోవడానికి లిట్టర్ (పొడి మట్టి లాంటిది) నింపి ఉంచే డబ్బాది. బాక్స్ సంగతి చూడకుండా సోఫా ఎన్నిసార్లు కడిగినా పిల్లి మళ్లీ అక్కడికే వస్తుంది.

ఇప్పటికీ వాడుకలో ఉన్నవి: మూత లేని పెద్ద ప్లాస్టిక్ టబ్బు, సెంటు కలపని బెంటొనైట్ (తడిస్తే ఉండ కట్టే మట్టి) లిట్టర్, మూత్రాన్ని విరిచే ఎంజైములున్న క్లీనర్, 365 నానోమీటర్ల యూవీ టార్చి, వాటర్‌ప్రూఫ్ కవర్లు. అటకెక్కినవి మూత ఉన్న బాక్స్, లావెండర్ లిట్టర్, పిల్లిని దూరంగా ఉంచుతుందని అమ్మే స్ప్రే. పిల్లి బెదురు తగ్గించే వాసన వదిలే ఫెరోమోన్ డిఫ్యూజర్ మాత్రం అటూ ఇటూ కాకుండా ఉంది.

వీటిలో ఏది కొనేముందైనా డాక్టరుకు చూపించాలి. ఇన్నాళ్లూ బాక్స్‌లోనే పోసిన పిల్లి ఉన్నట్టుండి సోఫా ఎక్కిందంటే మూత్రాశయం వాపు, మూత్రంలో కట్టే స్ట్రువైట్ స్ఫటికాలు, షుగరు, కిడ్నీ జబ్బు, ముసలి పిల్లికైతే కీళ్ల నొప్పులు, వీటిలో ఏదైనా కావచ్చు. మూత్ర పరీక్ష, అవసరమైతే స్కానింగు చేయిస్తే సంగతి తెలుస్తుంది. పోసేటప్పుడు నొప్పి పుడితే ఆ నొప్పి బాక్స్ వల్లే అనుకుని పిల్లి మెత్తటి చోటు వెతుక్కుంటుంది. మగపిల్లి మాటిమాటికీ బాక్స్‌లో కూర్చుని ముక్కుతున్నా చుక్క రావడం లేదంటే మూత్రనాళం మూసుకుపోయి ఉండొచ్చు. అప్పుడు తెల్లారేదాకా ఆగకూడదు, ఒకటి రెండు రోజుల్లో ప్రాణం పోతుంది. నొప్పి కదా అని పారాసిటమాల్ ముక్క వేయొద్దు, పిల్లికి అది విషం.

ఇంకో తేడా కూడా చూసుకోవాలి. పిల్లి కూర్చుని పరుపు మీద మడుగు కట్టించిందంటే అది బాక్స్ గొడవో జబ్బో. నిలబడి, తోక పైకెత్తి వణికిస్తూ సోఫా వెనక వైపో కర్టెన్ మీదో కాస్త చిమ్మిందంటే అది హద్దు గుర్తు పెట్టడం. రెండోదానికి మొదటి మందు పిల్లలు పుట్టకుండా చేసే ఆపరేషనే. ఐదారు నెలల వయసులో చేయిస్తే పదింట తొమ్మిది మగపిల్లులు ఆ అలవాటు మానేస్తాయి లేదా అసలు మొదలుపెట్టవు. చేయించాక కూడా చిమ్ముతుంటే బాల్కనీ గ్రిల్లు దగ్గరికి బయటి పిల్లి వస్తోందేమో చూడండి. కిటికీ అద్దానికి కింది 60 సెం.మీ. వరకు పాల రంగు ఫిల్మ్ అంటిస్తే కనపడటం ఆగిపోతుంది. ఆ ఫిల్మ్ ఖర్చు ఒక స్ప్రే సీసా ఖర్చుకు మించదు.

ఇక బాక్స్. పెంపుడు జంతువుల దుకాణంలో దొరికేవి చాలావరకు పెద్ద పిల్లికి ఇరుకు. ముక్కు కొస నుంచి తోక మొదలు వరకు కొలిచి, ఆ పొడవుకు ఒకటిన్నర రెట్లు ఉండాలి. ఎదిగిన పిల్లికి అది 65 సెం.మీ. దాటుతుంది. అంత బాక్స్ దొరక్కపోతే ప్లాస్టిక్ సామాన్ల దుకాణంలో దుప్పట్లు పెట్టుకునే డబ్బా కొని మూత పక్కన పడేయండి. గోడలు 30 సెం.మీ. ఎత్తుంటే మట్టి బయటికి చిమ్మదు, వెనక భాగం లేపి పోసే పిల్లైనా బయటికి పోయదు. ఒక పక్క మాత్రం అడుగు నుంచి 12 సెం.మీ. ఎత్తు వదిలి, హ్యాక్‌సా బ్లేడుతో దారి కోయాలి. ముసలి పిల్లికి, చిన్న పిల్లకు 7 సెం.మీ. చాలు. కోసిన అంచును ఉప్పుకాగితంతో నున్నగా రుద్దాలి. ఇది చాలామంది వదిలేసే పని. అంచు గరుకు పొట్టకు తగిలితే పిల్లి మర్నాటి నుంచి ఆ బాక్స్ వైపే చూడదు.

ఎన్ని పిల్లులుంటే అన్ని బాక్సులు, పైన ఇంకొకటి. రెండూ పక్కపక్కన పెడితే పిల్లి లెక్కలో అది ఒకటే, వేరే వేరే గదుల్లో ఉండాలి. మన ఇళ్లలో బాత్రూమ్ నేల ఎప్పుడూ తడే కాబట్టి అక్కడ పెడితే లిట్టర్ కింది నుంచి చెమ్మ లాగి బురదవుతుంది. వాష్ ఏరియాలో వాషింగ్ మెషీన్ పక్కన పెడితే స్పిన్ మొదలయ్యేసరికి పిల్లి పారిపోయి, తిరిగి వెళ్లదు. పడమటి బాల్కనీ అయితే ఏప్రిల్, మే నెలల్లో మధ్యాహ్నం టైల్సు మీద కాలు పెట్టలేం, పిల్లీ పెట్టదు. హాలులో ఒక మూల, తిండి గిన్నెకు దూరంగా, రెండు వైపులా తప్పుకునే దారి ఉన్నచోటు మంచిది. వచ్చేపోయేవాళ్లకు కనపడుతుందని మొహమాటపడితే సోఫాయే పోతుంది. పాడుచేసిన చోటి పక్కనే ఒక బాక్స్ పెట్టి, రెండు మూడు వారాలు అందులోనే పోస్తే, ఆ తర్వాత రోజుకు జానెడు చొప్పున మనకు కావలసిన మూలకు జరుపుకోవచ్చు. ఒకేసారి గది మారిస్తే కథ మొదటికొస్తుంది.

మూత ఉన్న బాక్స్ మన ముక్కుకు సుఖం, పిల్లి ముక్కుకు నరకం. అమ్మోనియా లోపలే నిలిచిపోతుంది. రెండు పిల్లులున్న ఇంట్లోనైతే ఒకటి లోపలుండగా రెండోది గుమ్మం దగ్గర కాపు కాస్తుంది.

లిట్టర్ విషయానికొస్తే సన్నటి రవ్వలాంటి, ఉండ కట్టే బెంటొనైట్ మట్టికి సాటి వచ్చింది లేదు. మన దేశంలో ఇది ఎక్కువగా గుజరాత్ కచ్ఛ్ ప్రాంతం నుంచి వస్తుంది. 70×40 సెం.మీ. టబ్బులో 5 సెం.మీ. మందం రావాలంటే 10 కిలోల సంచి మొత్తం, పైన ఇంకొంచెం పోయాలి. పొదుపని రెండు సెం.మీ. పోస్తే మూత్రం అడుగుకు దిగి, జిగురు పేస్టులా ప్లాస్టిక్‌కు అతుక్కుంటుంది. గీకితే ఉండ పగిలి ముక్కలన్నీ మట్టిలో కలిసిపోతాయి, రెండు రోజుల్లో టబ్బంతా కంపు. మందం సరిపోయినప్పుడు గట్టి ఉండ పైపైనే కడుతుంది, స్కూపు కిందికి పెట్టి లేపితే విరగకుండా వస్తుంది. పోసిన వెంటనే కదపకుండా పావుగంట ఆగితే ఇంకా గట్టిపడుతుంది. పొద్దున, రాత్రి రెండుసార్లు తీయాలి, తగ్గినంత కొత్తది కలపాలి. ఉండల సైజు మీద కన్నేసి ఉంచండి. ఉండలు ఒక్కసారిగా నిమ్మకాయంత చిన్నవై ఎక్కువ సంఖ్యలో వస్తున్నా, గుప్పిట పట్టనంత పెద్దవవుతున్నా డాక్టరు దగ్గరికి బయల్దేరాల్సిందే. ఈ మట్టిని కమోడ్‌లో వేయొద్దు, పైపులోనే ఉబ్బి గట్టిపడుతుంది.

లావెండర్, మల్లె సెంటు కలిపినవి మనుషుల కోసం చేసినవి. పిల్లి ముక్కుకు అవి ఘాటు, చాలా పిల్లులు కాళ్లు విదిలించి బయటికి దూకేస్తాయి. సోయా పిప్పితో చేసే టోఫు లిట్టర్ తేలిక, దుమ్ము తక్కువ. కానీ వర్షాకాలంలో సంచి మూతి సరిగా కట్టకపోతే బూజు పడుతుంది, పురుగూ పడుతుంది. పైన్ చెక్క పొట్టు గుళికలు పాదాలకు గట్టిగా తగులుతాయి. మెత్తటి పరుపు రుచి మరిగిన పిల్లిని వాటితో వెనక్కి తేవడం కష్టం. ఏటి ఇసుక పిల్లికి ఇష్టమే, ఖర్చూ లేదు, కాకపోతే ఉండ కట్టదు కాబట్టి రెండు రోజులకోసారి మొత్తం పారబోయాలి. రకం మార్చాలనుకుంటే పాతది మూడు పాళ్లు, కొత్తది ఒక పాలు కలిపి మొదలుపెట్టి వారం పది రోజుల్లో మెల్లగా మార్చాలి.

టబ్బును రెండు మూడు వారాలకోసారి ఖాళీ చేసి వేడినీళ్లు, గిన్నెలు తోమే లిక్విడ్‌తో కడిగితే చాలు. ఫినాయిల్ వద్దు. ఫినాల్ జాతి పదార్థాలను విరిచి బయటికి పంపే శక్తి పిల్లి కాలేయానికి చాలా తక్కువ. నేల మీద నడిచి పాదాలు నాకినా ఒంట్లోకి పోతుంది. క్లోరోజైలెనాల్ ఉన్న డెట్టాల్ లాంటివీ ఇదే కోవలోకి వస్తాయి. బ్లీచింగ్ పౌడరు మూత్రం మీద పడితే క్లోరమైన్ ఆవిర్లు వస్తాయి, తలుపులేసిన గదిలో మనకూ ప్రమాదమే.

ఎంజైమ్ క్లీనర్‌ని ఎక్కువమంది తప్పుగా వాడి, పనిచేయలేదని తిట్టేస్తారు. పిల్లి మూత్రంలో ఫెలినైన్ అనే గంధకం ఉన్న పదార్థం ఉంటుంది, ఆపరేషన్ కాని మగపిల్లిలో మరీ ఎక్కువ. అది నెమ్మదిగా విరుగుతూ రోజుల తరబడి ఆ ఘాటు వాసన వదులుతుంది. సబ్బు నీళ్లు పైపైన తుడిచి వదిలేస్తాయి, గాలిలో చెమ్మ పెరగ్గానే వాసన మళ్లీ లేస్తుంది. జూలైలో పాత మరకలన్నీ ఒక్కసారిగా కంపు కొట్టడానికి కారణం ఇదే.

నాలుగు కిలోల పిల్లి రోజుకు సుమారు 80 నుంచి 160 మి.లీ. పోస్తుంది, అంటే సోఫా మీద ఒక్కసారికి 30 నుంచి 60 మి.లీ. వరకు. ఫోమ్‌లో అది కిందికి దిగేకొద్దీ వెడల్పవుతుంది. పైన అరచేయంత మరక కుషన్ అడుగున పళ్లెమంత ఉంటుంది. దానికి నాలుగు సార్లు స్ప్రే కొట్టి ఊరుకుంటే మందు గుడ్డలోనే ఆగిపోతుంది, ఫోమ్‌లోకి దిగదు. ముందు పాత లుంగీ గుడ్డ మడతపెట్టి, మోకాలితో నొక్కి తడి పీల్చాలి, రుద్దకూడదు. కవర్ జిప్ విప్పి తీసేసి, ఫోమ్ మీదే 100 నుంచి 150 మి.లీ. క్లీనర్ మరక అంచు దాటి నాలుగు వేళ్ల మేర పోయాలి. మందం ఎక్కువైతే సూది లేని 20 మి.లీ. సిరంజితో లోపలికి ఎక్కించాలి. పైన పాలిథీన్ షీటు కప్పి ఎనిమిది నుంచి పన్నెండు గంటలు వదలాలి. ఫ్యాన్ వేయొద్దు. తడి ఉన్నంతసేపే ఎంజైములు పనిచేస్తాయి, ఆరితే అక్కడితో ఆగిపోతాయి. మధ్యలో వాసన పెరిగినట్టనిపిస్తుంది, కంగారుపడక్కర్లేదు. తర్వాత షీటు తీసి, గుడ్డతో నొక్కి, గాలికి నిలబెట్టి ఆరబెట్టాలి. పాత మరకకు రెండు మూడు విడతలు పడుతుంది.

పాడయ్యేది ఎక్కడంటే, అంతకుముందే ఫినాయిలో వెనిగరో వాడి ఉంటే ఎంజైములు దెబ్బతింటాయి. ముందు మామూలు నీళ్లతో రెండుసార్లు తడిపి పీల్చి ఆ తర్వాతే మందు పోయాలి. వేడినీళ్లు కలపకూడదు. ఎండాకాలం కారు డిక్కీలోనో వంటింటి అటక మీదో పెట్టిన సీసా గడువు తేదీ ఇంకా ఉన్నా పనిచేయకపోవచ్చు. రంగు బట్టకైతే ముందు కనపడని మూల ఒక చుక్క వేసి చూడండి.

ఎంజైమ్ దొరక్కపోతే హైడ్రోజన్ పెరాక్సైడ్ బాగా పనిచేస్తుంది, గంధకం వాసనను అది నేరుగా విరిచేస్తుంది. మందుల షాపులో సాధారణంగా 6 శాతంది ఇస్తారు. సమానంగా నీళ్లు కలిపితే 3 శాతమవుతుంది. అలా పలచన చేసిన 250 మి.లీ.లో టీస్పూన్ వంట సోడా, రెండు చుక్కల గిన్నెల లిక్విడ్ కలిపి వెంటనే పోసేయాలి. మిగిలితే మూత బిగించి దాచొద్దు, గ్యాస్ పుట్టి సీసా పేలుతుంది. ముదురు రంగు బట్టలు వెలిసిపోతాయి కాబట్టి ఇది తెల్ల పరుపులకు, టైల్సు సందులకే. వంట సోడా ఒక్కటే చల్లడం వల్ల ఒరిగేదేమీ లేదు.

దూది పరుపు మీద పోస్తే ఫోమ్ లెక్క పనికిరాదు. దూది అంతా పీల్చుకుని మధ్యలో ఉండకడుతుంది. దూదేకుల వాళ్లతో విప్పించి, ఆ భాగం దూది తీసేసి, మిగతాది ఏకించి ఎండలో వేయించి మళ్లీ కుట్టించడమే సరైన దారి. పార్టికల్ బోర్డు మంచానికి మూత్రం అంచుల్లోంచి లోపలికి పోయి ఉబ్బితే ఆ పలక మార్చాల్సిందే. టేకు అయితే ఎంజైమ్‌తో తుడిచి, పూర్తిగా ఆరాక వార్నిష్ కొట్టిస్తే నిలుస్తుంది.

మరక ఎక్కడుందో తెలియనప్పుడు యూవీ టార్చి అక్కరకొస్తుంది. చవకగా దొరికేవి 395 నానోమీటర్లవి, వాటి ఊదా వెలుగులోనే మరక కలిసిపోతుంది. 365ది కొనండి, రాత్రి లైట్లన్నీ ఆపి ఒక మీటరు లోపు నుంచి వేయండి. పసుపు పచ్చగా మెరిస్తే మూత్రం. నీలి తెలుపుగా మెరిస్తే అది బట్టల పౌడరులోని మెరుపు పదార్థం కావచ్చు. కడిగాక కూడా మరక కొంత మెరవచ్చు, కాబట్టి చివరి తీర్పు ముక్కుదే.

ఫెరోమోన్ డిఫ్యూజర్ ప్లగ్గులో పెట్టేది, ఒక రీఫిల్ సుమారు నెల వస్తుంది. కొత్త మనుషులు, ఇంటికి రంగులు, దీపావళి టపాసుల వల్ల బెదిరిన పిల్లికి, చిమ్మే పిల్లికి కొంత ఉపయోగం కనిపించింది. బాక్స్ నచ్చక సోఫా మీద పోసే పిల్లికి మాత్రం ఏమీ చేయలేదు. సోఫా వెనక ప్లగ్గులో పెడితే దండగ, గాలి ఆడే చోట ఉండాలి. నిమ్మ, నారింజ నూనెల వాసనతో వచ్చే 'రాకుండా' స్ప్రేలు ఇంకా అన్యాయం. ఆ నూనెలు పిల్లికి హాని చేస్తాయి, పైగా పిల్లి మూడో కుర్చీ మీదికి మారుతుంది, అంతే. కొట్టడం, ముక్కు రాయించడం వల్ల మనం లేనప్పుడు పోయడం మాత్రమే నేర్చుకుంటుంది.

బాక్స్ కుదురుకునే లోపు సోఫాను కాపాడేది కవర్. వెనక వైపు టీపీయూ (సాగే మెత్తటి ప్లాస్టిక్) పొర ఉన్నది కొనండి, పీవీసీది చెమట పట్టించి, చప్పుడు చేసి, ఏడాదికే పెళుసుబారుతుంది. పరుపుకు నాలుగు వైపులా ఎలాస్టిక్ ఉండి, 25 సెం.మీ. లోతు వరకు దిగేది చూడండి. రెండు సెట్లు ఉంటే ఒకటి ఉతుకులో ఉన్నప్పుడు ఇంకొకటి వేయొచ్చు. చన్నీళ్లలోనే ఉతికి, ఫ్యాబ్రిక్ కండిషనర్ లేకుండా నీడన ఆరేస్తే పొర ఊడిపోదు. రెక్సిన్ సోఫా అయినా కవర్ వేయాల్సిందే. కుట్ల సందుల్లోంచి మూత్రం లోపలికి దిగితే పైనుంచి కడగడానికి దారే ఉండదు.