డ్యాష్‌బోర్డుకి రంగు డబ్బా కొనేముందు ముక్కని వెనక్కి తిప్పి చూడండి

విజయనగరం, శ్రీకాకుళం వైపు కార్లున్నవాళ్లందరికీ ఈ హెచ్చరిక. దసరా వాహనపూజ దగ్గర పడేసరికి గీతలు పడిన డ్యాష్‌బోర్డు ట్రిమ్ (పైన బిగించే ప్లాస్టిక్ ప్యానెళ్లు, పట్టీలు) ముక్కల్ని ఊడదీసి ఇంట్లోనే రంగు వేసుకునేవాళ్లు ఎక్కువవుతారు. సరిగ్గా అప్పుడే "ఏ ప్లాస్టిక్‌కైనా పట్టేస్తుంది, ప్రైమర్ అక్కర్లేదు" అని చెప్పి స్ప్రే డబ్బాలు అంటగడతారు. ఆ మాట నమ్మి కొనకండి. వేసిన రోజు బాగానే ఉంటుంది. కారు పదిసార్లు ఎండలో నిలబడ్డాక ఏసీ వెంట్ల అంచుల్లోనూ, గేరు దగ్గర చెయ్యి రాసుకునే చోటా మొదలై ఉల్లిపొరలా లేచిపోతుంది. అప్పుడు మళ్లీ రంగు వేయాలంటే పాతదంతా గీకాలి. గీకితే ప్లాస్టిక్ మీద గింజ గింజగా ఉండే గరుకు డిజైను పోతుంది. ఆ ముక్క ఇక పాత రూపానికి రాదు.

తప్పు రంగుది మాత్రమే కాదు, ప్లాస్టిక్ ఏదో చూడకుండా కొనడంలో ఉంది. ముక్క ఊడదీశాక వెనక్కి తిప్పండి. అచ్చులోనే పోసిన చిన్న ఇంగ్లీషు అక్షరాలుంటాయి. ఏబీఎస్ అని గానీ, పీసీ ప్లస్ ఏబీఎస్ అని గానీ ఉంటే రంగు పట్టే ప్లాస్టిక్. పీపీ అని ఉంటే పాలీప్రొపిలీన్. పీపీ-టీడీ20 అని ఉన్నా అదే, 20 శాతం టాల్కు పొడి కలిపారని అర్థం. దీని మీద నీటి చుక్క వేస్తే తామరాకు మీద వేసినట్టు ముద్దకడుతుంది. రంగుదీ అదే గతి, ముక్కని పట్టుకోదు. పీపీకి ముందు అడ్హీషన్ ప్రమోటర్ అనే పారదర్శకమైన స్ప్రే పల్చగా ఒకటి రెండు పొరలు పడాలి. అది పూర్తిగా ఎండిపోకముందే, లేబుల్ మీద రాసిన వ్యవధిలోపల, పై రంగు వేసెయ్యాలి. దాని మీద మళ్లీ వాటర్ పేపర్ (తడిపి రుద్దే గరుకు కాగితం) పట్టకూడదు. ఒకే కారులో మధ్య ప్యానెల్ ఏబీఎస్, కింది భాగం పీపీ అయ్యే వీలుంది కాబట్టి ప్రతి ముక్కా విడిగా చూడాలి.

థిన్నర్ సంగతి ఇంకా ప్రమాదం. హార్డ్‌వేర్ షాపులో దొరికే ఎన్‌సీ (నైట్రోసెల్యులోజ్ రంగుల్లో కలిపే) థిన్నర్‌తో తుడవమని సలహా ఇస్తుంటారు. ఏబీఎస్ ముక్కని దాంతో తుడిస్తే పైపొర కరిగి బంకబంకగా అయిపోతుంది, సన్న పగుళ్లు కూడా వస్తాయి. పీపీకి ఏమీ కాదు, కానీ రంగు పట్టడానికి సాయం కూడా చేయదు. తుడవడానికి ఐసోప్రొపైల్ ఆల్కహాల్ వాడండి.

అంతకుముందు కడగాలి. వాటర్ సర్వీసు చేసిన ప్రతిసారీ డ్యాష్‌బోర్డుకి పాలిష్ పూస్తారు కదా, అందులో చాలావాటిలో సిలికాన్ ఉంటుంది. అది మిగిలితే రంగు పడిన చోటల్లా గుండ్రని గుంటలు లేస్తాయి, పెయింటర్లు ఫిష్ ఐ అంటారు. గిన్నెలు తోమే లిక్విడ్ గోరువెచ్చటి నీళ్లలో కలిపి మెత్తటి బ్రష్‌తో రెండుసార్లు కడిగి, ఆరాక ఆల్కహాల్‌తో తుడిచి, అప్పుడు మాత్రమే గీకడం మొదలుపెట్టాలి. కడగకుండా గీకితే సిలికాన్ గీతల్లోకి దిగిపోతుంది. నున్నటి ముక్కకి 600 నంబరు వాటర్ పేపర్, గింజ డిజైను ఉన్నదానికి బూడిదరంగు స్కాచ్‌బ్రైట్ చాలు.

ఊడదీయడం గురించి. ముందు బ్యాటరీ నెగటివ్ వైరు 10 ఎంఎం స్పానర్‌తో తీసి కనీసం పది నిమిషాలు ఆగండి. పసుపు రంగు వైర్లూ కనెక్టర్లూ ఎయిర్‌బ్యాగ్‌వి, వాటి జోలికి వెళ్లకండి. ఆ ఎయిర్‌బ్యాగ్ కనెక్టర్ ఊడి ఉండగా ఇగ్నిషన్ ఆన్ చేస్తే ఎయిర్‌బ్యాగ్ లైటు వెలిగి ఉండిపోతుంది, స్కానర్ పెట్టి తీయించుకోవాల్సి వస్తుంది. కొన్ని స్టీరియోలకి బ్యాటరీ తీశాక కోడ్ కావాలి, అది దగ్గర ఉందో లేదో చూసుకోండి. స్క్రూడ్రైవర్‌తో పెకలించకుండా, సందులో దూర్చి ముక్కని లేపే ప్లాస్టిక్ ప్రై టూల్ వాడండి. ముక్క కదలడం లేదంటే బలం తక్కువై కాదు, ఎక్కడో స్క్రూ ఉందని అర్థం. యాష్‌ట్రే వెనకా, గేరు బూటు కిందా దాక్కుని ఉంటుంది. బయటికొచ్చాక లోహపు క్లిప్పులు డ్యాష్‌బోర్డు రంధ్రాల్లోనే ఉండిపోతే తీసి ముక్కకే తిరిగి తొడగండి. క్లిప్పు చెవి విరిగితే పీపీ మీద సూపర్ గ్లూ నిలవదని గుర్తుంచుకోండి. చెవి లేకుండా బిగిస్తే గుంతల రోడ్డు మీద జీవితాంతం కటకటలాడుతుంది.

ఒక్కటి మాత్రం గట్టిగా చెబుతున్నాం: స్టీరింగ్ మధ్య భాగానికీ, ఎడమ పక్క ఎస్ఆర్ఎస్ అని రాసి ఉన్న ఎయిర్‌బ్యాగ్ మూతకీ రంగు వద్దే వద్దు. ఆ మూత ఒక సన్నటి గీత వెంట చిరిగి తెరుచుకోవాలి. పెయింటు ఆ గీతని అతికిస్తే తెరుచుకునే తీరు మారిపోవచ్చు, పెచ్చులు ముఖం మీదికి ఎగరవచ్చు. "అద్దానికి కాగితం అంటించి డ్యాష్‌బోర్డు తీయకుండానే రంగు కొట్టేస్తాం" అని ఏ షెడ్డులోనైనా అంటే అక్కడి నుంచి వచ్చేయండి. ఆ రంగు తుంపర ఏసీ బ్లోయర్‌లోకి వెళ్తుంది, ఎయిర్‌బ్యాగ్ మూత మీదా పడుతుంది.

ఇక మన గాలి. కళింగపట్నం, భీమిలి వైపు సముద్రం దగ్గరున్నవాళ్లకి మరీ ముఖ్యం. రంగులోని ద్రావకం ఆవిరయ్యేటప్పుడు ముక్క చల్లబడుతుంది, గాలిలో తేమ ఎక్కువుంటే అది పైపొర మీద చేరి తెల్లటి పొగలా నిలిచిపోతుంది. అందుకే దసరా, సిరిమాను రోజుల్లో వేసిన రంగు ఎక్కువగా పాడవుతుంది, ఆ నెలల్లో వానా తుపానూ విడవవు. ఫోనులో తేమ శాతం 80 దాటి కనిపిస్తే ఆగండి. అరసవల్లి రథసప్తమి దరిదాపుల రోజులు దీనికి మంచివి. పొద్దున్న కాకుండా, మంచు ఆరాక, పదకొండు నుంచి మూడు గంటల మధ్య నీడలో వేయండి.

మధ్య ప్యానెల్, రెండు వెంట్ల చట్రాలు, గ్లోవ్‌బాక్స్ పట్టీ, నాలుగు తలుపుల స్విచ్ ప్యానెళ్లకి ప్రైమర్, రంగు, క్లియర్ (చివర వేసే పారదర్శకమైన పొర) ఒక్కొక్కటి 400 ఎంఎల్ డబ్బా చాలు. 20 నుంచి 25 సెంటీమీటర్ల దూరం నుంచి మూడు పల్చటి పొరలు, పొరకీ పొరకీ పది నిమిషాలు. మొదటి పొర కింద ప్లాస్టిక్ కనిపించేంత పల్చగానే ఉండాలి. క్లిప్పు చెవులకీ, వెంటు రెక్కలు తిరిగే ఇరుసులకీ మాస్కింగ్ టేపు వేయకపోతే రెక్కలు అతుక్కుపోతాయి. పైభాగానికి మెరిసే రంగు వద్దు, ఎండలో ముందు అద్దంలో ప్రతిబింబిస్తుంది. హార్డెనర్ కలిసే 2కె క్లియర్‌లో ఊపిరితిత్తులకి హాని చేసే ఐసోసైనేట్ ఉంటుంది, గుడ్డ మాస్కు దాన్ని ఆపదు. ఇంట్లో హార్డెనర్ అక్కర్లేని మామూలు 1కె తోనే సరిపెట్టుకోండి. బిగించే ముందు కనీసం మూడు రోజులు ఆరనివ్వండి, గట్టిపడడానికి వారం పడుతుంది.

అందంగా రంగేసిన పాత ట్రిమ్ అమ్మకానికి కనిపించినా జాగ్రత్త. వెనక మూలలో బ్లేడుతో అడ్డంగా నిలువుగా ఆరేసి గీతలు గీసి టేపు అంటించి లాగండి. గళ్లు టేపుతో వస్తే వదిలేయండి. గీయనివ్వకపోతే కూడా వదిలేయండి.

డబ్బా కొనేటప్పుడు తయారీదారు పేరు, చిరునామా, తయారైన నెల, నికర పరిమాణం, ఎంఆర్‌పీ, వినియోగదారుల సంప్రదింపు వివరాలు లేబుల్ మీద ఉన్నాయో లేదో చూడండి. 2011 ప్యాకేజ్డ్ కమోడిటీస్ నిబంధనల ప్రకారం అవి ఉండి తీరాలి. బిల్లు తీసుకోండి, "ఏ ప్లాస్టిక్‌కైనా" అన్న మాట బిల్లు మీద రాయమనండి. ఇప్పటికే మోసపోయినవాళ్లు డబ్బా పారేయకండి. లేచిపోయిన ముక్కకి ఫోటో తీసి, ముందు షాపుకి రాతపూర్వకంగా ఇవ్వండి. స్పందించకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేయండి. జిల్లా వినియోగదారుల కమిషన్‌లో 5 లక్షల వరకు విలువైన వాటికి ఫిర్యాదు రుసుము లేదు, గడువు రెండేళ్లు.