ఐదో నెలలో డిస్నీ వరల్డ్: ఎక్కినవి, మానేసినవి, హోటల్‌తో గొడవ

డిస్నీ వరల్డ్‌లో గర్భిణులకు పనికిరాని ప్రతి రైడ్ ముందూ బోర్డు ఉంటుంది. మేం దిగిన హోటల్ షటిల్‌కి మాత్రం అలాంటి బోర్డు ఎవరూ పెట్టలేదు. ఓర్లాండోలో నా నడుం విరగ్గొట్టింది ఏ రోలర్ కోస్టరూ కాదు, ఆ తెల్ల వ్యానే.

2024 నవంబర్‌లో టెక్సస్‌లోని ఫ్రిస్కో నుంచి వెళ్లాం. నాకు గర్భం ఇరవై ఒకటో వారం. మావారు, ఐదేళ్ల మావాడు, తెనాలి నుంచి వచ్చిన అత్తయ్య. విమానం ఎక్కడానికి డాక్టరమ్మ ఏ అభ్యంతరమూ చెప్పలేదు. అడ్డం పడింది అత్తయ్యే. "కడుపుతో ఉన్న పిల్ల రంగులరాట్నాలు ఎక్కడమేంటే, వింటే నలుగురూ నవ్విపోతారు" అని బయల్దేరే రోజు దాకా అంటూనే ఉన్నారు. ఆవిడే అక్కడికి వెళ్లాక ఏం చేశారో తర్వాత చెప్తా.

ముందు హోటల్ సంగతి. మావారు గది అద్దె రాత్రికి 94 డాలర్లని చూసి ఎగిరి గంతేసి బుక్ చేశారు. "పార్కుకి పది నిమిషాలు, ఉచిత షటిల్" అని రాసి ఉంది. షటిల్ ఉంది కదా అని కారు కూడా అద్దెకి తీసుకోలేదు. పార్కింగ్‌కి రోజుకి 30 డాలర్లు మిగులుతాయని లెక్క. దిగాక కౌంటర్ దగ్గర తెలిసింది, రాత్రికి 38 డాలర్లు రిసార్ట్ ఫీజట. దాని మీద మళ్లీ పన్నెండున్నర శాతం ట్యాక్సు. ఈ ఫీజు దేనికండీ అంటే షటిల్‌కీ, వైఫైకీ, ఈత కొలనుకీ అన్నాడు. అంటే ఉచిత షటిల్‌కి మనమే డబ్బు కడుతున్నామన్నమాట. కొలను గేటుకి తాళం. రంగులు వేస్తున్నారు. గది మూడో అంతస్తులో, లిఫ్టుకి "మరమ్మతులో ఉంది" అని కాగితం అంటించి ఉంది. కింద గది ఇవ్వమంటే ఖాళీ లేదన్నాడు. నా పొట్ట చూస్తూనే అన్నాడు.

పొద్దున్న షటిల్ మమ్మల్ని ఎక్కించుకుని ఇంకో నాలుగు హోటళ్లు తిరిగింది. పది నిమిషాల దారి యాభై అయిదు నిమిషాలు పట్టింది. మాకు దొరికింది వెనక చక్రాల మీద సీటు. స్పీడ్ బ్రేకర్ వచ్చినప్పుడల్లా సీటు నన్ను పైకి విసిరి మళ్లీ పట్టుకుంటోంది. బెల్టు తీస్తే కొక్కెం ఊడి చేతికొచ్చింది. నేను రెండు చేతులతో ముందు సీటు పట్టుకుని కూర్చుంటే అత్తయ్య నా పొట్టకి తన హ్యాండ్‌బ్యాగ్ అడ్డం పెట్టారు. మావారు కిటికీలోంచి చూస్తూ ఒక్క ముక్క మాట్లాడలేదు. తిరుగు షటిల్ సాయంత్రం ఆరుకి ఒకటి, మళ్లీ రాత్రి పదిన్నరకి. మధ్యలో అలసిపోతే మన ఖర్మ.

మర్నాటి నుంచి ట్యాక్సీలే. ట్రిప్పుకి 20 నుంచి 24 డాలర్లు అయింది. డ్రైవర్‌కి విషయం చెప్తే నెమ్మదిగా పోనిచ్చాడు. సీటుబెల్టు పొట్ట మీద కాదు, పొట్ట కింద తొడల దగ్గర వచ్చేలా పెట్టుకోవాలి. ఇది డాక్టరమ్మ ప్రత్యేకంగా చెప్పి పంపిన మాట.

ఆవిడ చెప్పిన రెండో మాటే మాకు పార్కంతా దారి చూపించింది. రైడ్ ఎంత వేగంగా పోతుందో చూడకండి, ఎక్కడ కుదుపుతుందో, ఎక్కడ ఠక్కున ఆగుతుందో చూడండి అన్నారు. గర్భసంచి కండరం, సాగుతుంది. దానికి అతుక్కున్న మాయ (ప్లాసెంటా) అంత సాగదు. ఒక్కసారిగా ఆగితే ఆ రెండింటి మధ్యా లాగుడు పడి మాయ విడిపోయే ప్రమాదం ఉంది. కారు ప్రమాదాల్లో గర్భిణులకు ఉండే భయాల్లో ఇదొకటి. దానికి తోడు తొడల మీదికి దిగే కడ్డీ పొట్టని నొక్కుతుంది. ఏ పార్కువాడూ గర్భిణుల్ని కూర్చోబెట్టి పరీక్ష చేసి ఫలానా కుదుపు దాకా ఫరవాలేదని తేల్చి ఉండడు. అందుకని బోర్డు ఉంటే మానేయడమే, వాదన వద్దు. బోర్డు లేనంత మాత్రాన ఎక్కేయమనీ కాదు. బీపీ, రక్తస్రావం, గర్భసంచిలో బాగా కిందికి ఉన్న మాయ లాంటివి ఉన్నవాళ్లు డాక్టర్ని అడక్కుండా ఏదీ ఎక్కకండి.

డిస్నీ వరల్డ్‌లో నాలుగు పార్కులు, మేం మొదటి రోజు వెళ్లింది మ్యాజిక్ కింగ్‌డమ్‌కి. అక్కడ షటిలైనా ట్యాక్సీ అయినా దింపేది పార్కు గేటు దగ్గర కాదు, చెరువుకి ఇవతల టికెట్ సెంటర్ దగ్గర. అక్కణ్నుంచి మోనోరైలో, పడవో. పడవే ఎక్కండి. కుదుపు లేదు, గాలి వస్తుంది, ఎదురుగా కోట కనిపిస్తుంది, మావాడు అరుపులే అరుపులు.

స్పేస్ మౌంటెన్, ట్రాన్, బిగ్ థండర్ మౌంటెన్ జోలికి వెళ్లకూడదని చెప్పక్కర్లేదు. ఆ ఏడాది జూన్‌లో తెరిచిన టియానాస్ బయూ అడ్వెంచర్‌కీ బోర్డుంది, పై నుంచి నీళ్లలోకి దూకుతుంది కదా. గొడవంతా చిన్నపిల్లల రైడ్ల దగ్గర వచ్చింది. బార్న్‌స్టార్మర్ బుల్లి కోస్టర్, దానికీ బోర్డే. పిల్లలు బొమ్మకార్లు నడిపే టుమారోలాండ్ స్పీడ్‌వేకీ బోర్డే. నడిచేవాళ్లు దాటిపోయే ఆ కార్లకి ఎందుకని మావారు వాదన వేసుకున్నారు. చెప్తుండగానే ఓ పిల్లాడు ముందు కారుని వెనక నుంచి ఢాం అని గుద్దాడు. అందులో ఉన్నావిడ మెడ ముందుకీ వెనక్కీ ఊగింది. మావారు ఇంక మాట్లాడలేదు.

సెవెన్ డ్వార్ఫ్స్ మైన్ ట్రైన్ దగ్గరైతే మొహం మాడ్చుకున్నారు. అందరం కలిసి ఎక్కాలని ఆయన ముచ్చట. దానికీ బోర్డుంది, నేను ఎక్కలేదు. నా బదులు అత్తయ్య లేచారు. "పిల్లాడు భయపడతాడేమో, నేను పక్కన కూర్చుంటా" అన్నారు. దిగేటప్పటికి ముడి ఊడిపోయి, కళ్లజోడు చేతిలో పట్టుకుని, "మళ్లీ ఎక్కుదామట్రా?" అని మనవణ్ని అడుగుతున్నారు. పిల్లాడు భయపడ్డ దాఖలాలేం లేవు. ఇక ఆ రోజంతా నన్ను బెంచీ మీద కూర్చోబెట్టి ఆవిడ రైడ్లు ఎక్కారు. రంగులరాట్నం గురించి నలుగురూ నవ్వుతారన్న మాట మళ్లీ ఎత్తలేదు.

నేను ఎక్కినవి చెప్తా. పైరేట్స్ ఆఫ్ ది కరీబియన్‌కి బోర్డు లేదు. చీకట్లో ఒక చిన్న జారుడుంది, పొట్టలో చక్కిలిగింత పెట్టినట్టయింది, అంతే. నాకు కష్టమైంది దిగేటప్పుడు. సీటు బాగా కిందికుంటుంది, పడవలోంచి పైకి అడుగేసి లేవాలి. ఆగాక వెనక పడవ వచ్చి మెల్లిగా తగులుతుంది, అప్పుడే లేచి నిలబడకండి. హాంటెడ్ మాన్షన్, పీటర్ పాన్స్ ఫ్లైట్ కదులుతున్న బెల్టు మీద నడిచి ఎక్కాలి. హాంటెడ్ మాన్షన్‌లో అడిగితే బెల్టు నెమ్మది చేశారు. మొహమాటపడకండి. రాట్నంలో గుర్రాలు పైకీ కిందకీ ఊగుతాయి, ఒక్క రథం మాత్రం కదలకుండా ఉంటుంది. నేను అందులో మహారాణిలా కూర్చున్నా. కప్పులు గిరగిరా తిరిగే మ్యాడ్ టీ పార్టీ చూస్తేనే నాకు వాంతి వచ్చేలా ఉంది, దూరం నుంచే దండం పెట్టా.

గర్భిణులకు ఆ పార్కులో అన్నిటికన్నా గొప్ప రైడ్ ఏదంటే, ఎవరూ పట్టించుకోని కరౌసెల్ ఆఫ్ ప్రోగ్రెస్. 1964లో న్యూయార్క్ ప్రపంచ ప్రదర్శన కోసం చేసిన బొమ్మల నాటకం అది. మనం కూర్చున్న హాలే మెల్లిగా తిరుగుతుంది. ఏసీ, మెత్తటి సీటు, ఇరవై నిమిషాలు కాళ్లు చాపుకోవచ్చు. మావాడికి బోరు కొట్టింది. కొట్టనీ.

నిజానికి రైడ్లకన్నా నన్ను భయపెట్టింది నిలబడటం. మధ్యాహ్నం రెండింటికి చెప్పులు బిగుసుకుపోయాయి, కళ్లు తిరిగాయి. పార్కు మెయిన్ స్ట్రీట్ చివర క్రిస్టల్ ప్యాలెస్ రెస్టారెంట్ పక్కన ఫస్ట్ ఎయిడ్ ఉంది. పైసా అడగరు. నర్సు లోపల మంచం చూపించి, కాళ్ల కింద దిండు పెట్టి, నీళ్లిచ్చి, అరగంట లైటు తీసేసి వెళ్లింది. చక్రాల కుర్చీ గేటు దగ్గరే దొరుకుతుంది, అప్పుడు రోజుకి 12 డాలర్లు ఉండేది. మొదట్లో నాకెందుకన్నాను గానీ ఆ అరగంట తర్వాత తీసుకున్నాం. తిండి కౌంటర్లలో ఐసు నీళ్లు ఊరికే ఇస్తారు. 4 డాలర్లకి పైన పోసి సీసా నీళ్లు కొనకండి. పెద్ద వరస తప్పించుకుని వెళ్లనిచ్చే లైట్నింగ్ లేన్ పాస్ ఆ రోజు తలకి 29 డాలర్లు పడింది. ఎక్కని రైడ్లకీ టికెట్ కట్టి పైన ఇదొకటా అని మావారు గొణిగారు. పీటర్ పాన్ దగ్గర గంటకి పైగా ఉన్న వరస పక్క నుంచి నడిచి వెళ్లినప్పుడు ఆ 29 నాకు గిట్టుబాటైంది. రైడర్ స్విచ్ అని ఒకటుంది. ఒకరు పిల్లల దగ్గర ఆగితే, రెండోవాళ్లు మళ్లీ వరసలో నిలబడకుండా ఎక్కొచ్చు. నేనెలాగూ ఎక్కను, మాకు పనిలేకపోయింది.

బయటి తిండి లోపలికి తీసుకెళ్లనిస్తారు. గాజుసీసాలు, మద్యం తప్ప. అత్తయ్య కట్టిన పులిహోర డబ్బా మూత తీసి సెక్యూరిటీ ఆయన వాసన చూసి "మంచిది" అన్నట్టు బొటనవేలు చూపించాడు. రెండు రోజుల టికెట్ పెద్దవాళ్లకి తలా 310 డాలర్ల దాకా పడినప్పుడు మధ్యాహ్నం పులిహోరే గతి.

మర్నాడు వెళ్లిన యానిమల్ కింగ్‌డమ్ పార్కులో నాకు పెద్ద దెబ్బ. అక్కడికి నేను వెళ్లిందే కిలిమంజారో సఫారీ కోసం. జంతువుల మధ్య ట్రక్కులో ఇరవై నిమిషాలు, ఎత్తుపల్లాల రైలు కాదు కదా అనుకున్నా. వరస మొదట్లోనే బోర్డు, గర్భిణులు ఎక్కరాదని. ఆ రోడ్డు మట్టిరోడ్డులా కనిపించాలని కాంక్రీటులోనే చక్రాల జాడలు, గుంతలు అచ్చు వేయించారు. అది కుదుపు కోసమే కట్టిన రోడ్డు! "ఇక్కడ మన ఊరి ఆటోకన్నా ఎక్కువేం కుదుపుతుంది?" అన్నారు మావారు. ఆటోకీ బోర్డు పెట్టాలి మరి అన్నాను. అత్తయ్య ఈసారి నా వైపు. ముందు రోజు వ్యాన్ గుర్తుంది ఆవిడకి.

వాళ్లు సఫారీకి పోతే నేను పక్కనే గొరిల్లా ఫాల్స్ నడకదారి పట్టాను. అద్దం అవతల పెద్ద మగ గొరిల్లా ఒక ఆకుకూర కట్టని కాడ కాడగా విడదీసి, ముదురు కాడలు పక్కన పడేసి లేతవి తింటోంది. చాలాసేపు చూశా. తర్వాత ఆసియా వైపు మహారాజా జంగిల్ ట్రెక్, పులులున్నది అక్కడే. అక్కడ కట్టిన ఉత్తుత్తి ఊరికి ఆనందపూర్ అని పేరు పెట్టారు, పాత కోటగోడల్లా కట్టారు. "ఇది ఏ జిల్లా?" అని అత్తయ్య. ‘నావి రివర్ జర్నీ’ అనే పడవ రైడ్‌కి జారుడే లేదు, హాయిగా ఎక్కా. పక్కనే ఫ్లైట్ ఆఫ్ పాసేజ్ అనే రైడ్‌కి మావారు వరస తప్పించుకోడానికి విడిగా 17 డాలర్లు కట్టి వెళ్లొచ్చి గంటసేపు దాని గురించే చెప్పారు. దానికీ బోర్డుంది. ఆ గంటా నేను వినలేదు.

సాయంత్రం పార్కు నుంచి ఉచిత బస్సులో యానిమల్ కింగ్‌డమ్ లాడ్జ్ అనే డిస్నీ హోటల్‌కి పోయి, కిదానీ విలేజ్‌లో సనా అనే చోట తిన్నాం. అక్కడ బ్రెడ్ సర్వీస్ అని నాన్లు, పరాఠాలు, తొమ్మిది గిన్నెల పచ్చళ్లు, రైతాలు. పాతిక డాలర్ల లోపే, ఇద్దరికి సరిపోయింది. వెల్లుల్లి పచ్చడి నోట్లో పెట్టుకుని అత్తయ్య "ఇంకాస్త ఉప్పు పడితే మనదే" అన్నారు. ఆవిడ నోట ఇంతకు మించిన పొగడ్త నేను వినలేదు. కిటికీ అవతల జిరాఫీలు మేస్తున్నాయి. సఫారీ ట్రక్కులోంచి చూసినవాళ్లకన్నా నేనే తీరిగ్గా చూశాను.

గర్భంతో వెళ్లేవాళ్లు మూడో పార్కు హాలీవుడ్ స్టూడియోస్ మానుకోండి. స్లింకీ డాగ్, టవర్ ఆఫ్ టెర్రర్, స్టార్ టూర్స్, మిలీనియం ఫాల్కన్, చివరికి పిల్లల ఏలియన్ సాసర్లు కూడా బోర్డున్నవే. టికెట్ అంతే, ఎక్కేవి కొన్నే. నాలుగోది ఎప్‌కాట్‌లోనూ మిషన్ స్పేస్, టెస్ట్ ట్రాక్, గార్డియన్స్ కుదరవు. వెళ్లే ముందు పార్కు యాప్‌లో రైడ్ పేరు నొక్కి చదువుకుంటే వరస దాకా వెళ్లి వెనక్కి రానక్కర్లేదు.

హోటల్ మేనేజర్‌తో చివరి రోజు మావారు గట్టిగానే మాట్లాడారు. ఒక్క రాత్రి ఫీజు, 38 డాలర్లు వెనక్కిచ్చాడు. మిగతా దానికి క్రెడిట్ కార్డు వాళ్లకి ఫిర్యాదు పెట్టాం. లిఫ్టు మీద కాగితం ఫొటో, కొలను తాళం ఫొటో, "ఉచిత షటిల్" అని ఉన్న బుకింగ్ పేజీ జత చేశాం. ఫొటోలు మొదటి రోజే తీసుకోండి. మేం ఖాళీ చేసే పొద్దున్నే లిఫ్టు మీద కాగితం తీసేశారు, లిఫ్టు మాత్రం కదల్లేదు.