పద్నాలుగు రోజుల షుగర్ చిట్టా: జబ్బకు అంటించే సెన్సర్ గురించి ఒక మిల్లు గుమాస్తా

ముందు ధర చెప్పేస్తాను. జబ్బకు అంటిస్తే షుగరు ఎప్పటికప్పుడు కొలిచి ఫోనులో చూపించే సెన్సర్ ఒకటి 4,800 రూపాయలు పడింది. పనిచేసేది 14 రోజులు. అంటే రోజుకు 343 రూపాయలు. పెనుగొండ పక్కన రైసు మిల్లులో 26 ఏళ్ళుగా లెక్కలు రాస్తున్నవాణ్ణి, ఏది కొన్నా రోజుకెంత పడిందో తేల్చుకోనిదే నాకు నిద్ర పట్టదు. కంపెనీ పేరు రాయడం లేదు. తిట్టాల్సినవి కొన్ని ఉన్నాయి, అదీకాక ఇలాంటివన్నీ ఇంచుమించు ఒకే తీరున పనిచేస్తాయి.

నాకు షుగరు వచ్చి 9 ఏళ్ళు. పొద్దున ఒకటి, రాత్రి ఒకటి మెట్‌ఫార్మిన్ బిళ్ళ. వేలికి గుచ్చి చూసుకునే మిషన్ ఇంట్లో ఉంది. పరగడుపున చూస్తే 130, మహా అయితే 138. మూడు నెలలకోసారి చేయించే హెచ్‌బీఏ1సీ, అంటే ఆ మూడు నెలల సగటు షుగరు చెప్పే రక్తపరీక్ష, మాత్రం 7.8 దగ్గర మొండికేసి కూర్చుంది. వెళ్ళిన ప్రతిసారీ డాక్టరు గారు "స్వీట్లు తగ్గించండి" అంటారు. నేను స్వీటు ముట్టి ఎన్నాళ్ళయిందో నాకే గుర్తులేదు. ఆత్రేయపురం నుంచి ఎవరైనా పూతరేకుల డబ్బా తెస్తే మా ఆవిడ దాన్ని బీరువాలో పెట్టి తాళం వేస్తుంది. గల్లాపెట్టె రోజూ సరిపోతోంది, ఏడాది చివర మాత్రం నష్టం తేలుతోంది. మిల్లులో అయితే ఎక్కడ కారుతోందో వారంలో పట్టుకునేవాణ్ణి. ఒంట్లో పట్టుకోలేకపోయాను.

దసరాకి మా అక్క కూతురు వచ్చింది. కాకినాడలో మెడిసిన్ చదువుతోంది. "మావయ్యా, నువ్వు పొద్దున్నే ఒక్కసారి చూసుకుంటే మిగతా రోజంతా ఏం జరుగుతోందో ఎలా తెలుస్తుంది?" అని, అమెరికాలో జరిగిన ఒక పరిశోధన సంగతి చెప్పింది. కాలిఫోర్నియాలో స్టాన్‌ఫర్డ్ యూనివర్సిటీ మెడికల్ స్కూలు ఉంది కదా, అక్కడ మైకేల్ స్నైడర్ అనే ప్రొఫెసరు బృందం 2025లో నేచర్ మెడిసిన్ పత్రికలో వేసింది. షుగర్ జబ్బు లేని 55 మందికి ఇలాంటి సెన్సర్లే అంటించి, ఒకే కొలత పిండిపదార్థాన్ని రకరకాలుగా తినిపించారు. ఓసారి అన్నం, ఓసారి బ్రెడ్డు, ఓసారి బంగాళాదుంప, ఓసారి ద్రాక్ష. తిన్నది ఒకే లెక్క అయినా షుగరు మనిషికో రకంగా లేచింది. బంగాళాదుంపకి ఎక్కువ లేచినవాళ్ళలో ఇన్సులిన్ సరిగ్గా పనిచెయ్యనివాళ్ళు ఎక్కువ. బ్రెడ్డుకి లేచినవాళ్ళలో బీపీ ఎక్కువ. అన్నానికి లేచినవాళ్ళలో ఆసియా వాళ్ళు ఎక్కువట. గోదావరి జిల్లాలో పుట్టినవాడికి ఈ చివరి ముక్క చెప్పడానికి స్టాన్‌ఫర్డ్ దాకా వెళ్ళాలా అనుకున్నాను గానీ, మిగతాది మనసులో పడింది.

కార్తీకం వెళ్ళాక కొన్నాను. కార్తీకంలో మా ఇంట్లో చేప ఉండదు, చేప లేని లెక్క నా లెక్క కాదు.

అంటించుకోవడం అనుకున్నంత భయం లేదు. గుండ్రటి ప్లాస్టిక్ డబ్బాలాంటిది జబ్బ వెనక పెట్టి నొక్కితే టక్కుమని చప్పుడు, అంతే. వేలికి సూది గుచ్చుకున్నంత నొప్పి కూడా లేదు. రూపాయి బిళ్ళకంటే కాస్త పెద్దది చర్మం మీద ఉండిపోతుంది, వెంట్రుకలాంటి తీగ లోపలికి వెళ్తుంది. దాని మీద ఉండే ఎంజైము చర్మం కింది నీటిలో ఉన్న గ్లూకోజుతో కలిసినప్పుడు పుట్టే చిన్న కరెంటును కొలిచి ఫోనుకు పంపుతుంది. మొదటి గంట ఏమీ చూపించదు, కంగారు పడక్కర్లేదు. ఫోను మర్చిపోయి మిల్లుకెళ్ళినా 8 గంటల లెక్క దానిలోనే దాగి ఉంటుంది.

రక్తం కాదు, చర్మం కింది నీరు అన్నది గుర్తుపెట్టుకోవాలి. రక్తంలో పెరిగిన కొన్ని నిమిషాలకి గానీ అక్కడ పెరగదు. నేను మొదటి రోజు భోజనమైన ముప్పావుగంటకి రెండూ చూశాను. వేలి మీద 214, జబ్బ మీద 189. మోసపోయాననుకున్నాను. పది నిమిషాల తర్వాత సెన్సరు కూడా 210 అంది.

ఇక్కడ ఒక మాట. రక్తంలో చక్కెర కొలవడానికి ఒకప్పుడు ఫోలిన్-వూ పద్ధతి అని ఉండేది. సిరంజితో రక్తం తీసి, రాగి ద్రావణంతో గాజు గొట్టంలో వేడిచేసి, తేలిన నీలం రంగును బట్టి లెక్కగట్టేవాళ్ళు. ఆ ఓటో ఫోలిన్ హార్వర్డ్ మెడికల్ స్కూల్లో నడిపిన విభాగంలోనే మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారు 1920లలో పనిచేశారు. సైరస్ ఫిస్కెతో కలిసి ఆయన రక్తంలో ఫాస్ఫరస్ కొలిచే పద్ధతి తెచ్చింది 1925లో. ఈ సంగతి మా మేనకోడలికి నేనే చెప్పాను. "అవునా మావయ్యా" అని ఫోనులో చూసుకుంది. పెద్దవాళ్ళ మాట మీద నమ్మకం అంతే!

ఇక అసలు పద్దు. కొలత ఒకేలా ఉండాలని మిల్లు నుంచి చిన్న కాటా ఇంటికి తెచ్చి, వండిన అన్నం 250 గ్రాములు తూచుకుని తిన్నాను. మా ఆవిడ నవ్వింది, నవ్వనీ.

మొదటి మూడు రోజులు మామూలుగానే తిన్నాను. మామూలుగా అంటే సార్వా ధాన్యం వచ్చే రోజులు, రాత్రి లోడింగ్ అయ్యేసరికి తొమ్మిదిన్నర, భోజనం పదింటికి. ఆ మూడు రాత్రులూ ఫోనులో షుగరు గీత 240 దాటింది, తెల్లవారుజామున రెండింటి దాకా దిగలేదు. పొద్దునకి మాత్రం బుద్ధిగా 135కి వచ్చేసింది. కారుతున్న చోటు అదీ. తొమ్మిదేళ్ళుగా నేను పొద్దున్నే వేలు గుచ్చుకుని బానే ఉందనుకున్నది ఈ దొంగ దిగిపోయాక.

రెండో దొంగ మిల్లు టీ. రోజుకు నాలుగు. చిన్న గ్లాసే కదా అని లెక్కలోకి తీసుకునేవాణ్ణి కాదు. ఒక్కొక్కటీ 30, 35 లేపింది. మధ్యాహ్నం నుంచి సాయంత్రం దాకా ఒకటి దిగేలోపు ఇంకొకటి. ఇక పూతరేకు సంగతి. ఐదో రోజు తాళం తీయించి, భోజనం చివర సగం తిన్నాను. ఆ మధ్యాహ్నం గీత ముందు రోజుకంటే 12 మాత్రమే ఎక్కువ. పూతరేకులకి షుగరు లేదని ఎవరూ అనుకోవద్దు, బెల్లం నెయ్యి దట్టించిందే. నా నష్టం మాత్రం అక్కడ లేదు.

తర్వాత స్టాన్‌ఫర్డ్ వాళ్ళ కిటుకు. అన్నానికి పది నిమిషాల ముందు పీచు గానీ, కోడిగుడ్డు తెల్లసొన ప్రోటీన్ గానీ, మీగడ గానీ ఇస్తే కొందరికి షుగరు తక్కువ లేచింది. అయితే ఆ మేలు ఇన్సులిన్ బాగా పనిచేసేవాళ్ళకే ఎక్కువ, మిగతావాళ్ళకి అంతంతమాత్రం అని వాళ్ళే రాశారు. నేను రెండు కోడిగుడ్ల తెల్లసొన, దోసకాయ ముక్కలు తిని పది నిమిషాలాగి అన్నం తిన్నాను. 241కి బదులు 229. నేను రెండో జాబితాలో మనిషినన్నమాట.

"అయితే కార్నెల్ వాళ్ళ పద్ధతి చూడు మావయ్యా" అంది మేనకోడలు ఫోనులో. న్యూయార్కులో వైల్ కార్నెల్ మెడికల్ కాలేజీ వాళ్ళు చేసిన పరిశోధన, 2015లో వచ్చింది. మెట్‌ఫార్మిన్ వాడుతున్న 11 మంది, అంటే నాబోటివాళ్ళే. కూరగాయలు, చికెన్ మొత్తం ముందు తినేసి బ్రెడ్డు, పళ్ళరసం చివర్లో తీసుకుంటే గంటకి షుగరు 37 శాతం దాకా తక్కువ ఉందట. పదకొండు మంది లెక్క పెద్ద లెక్క కాదు గానీ, ఖర్చు లేని పని.

చెయ్యబోతే తెలిసింది, మన కూరలు ఒట్టిగా తినడానికి చేసినవి కావు. ఉప్పూ కారం అన్నంలో కలుపుకునే లెక్కన వేస్తారు. మొదటి రోజు బొమ్మిడాయిల పులుసు గిన్నెలో పోసుకుని ఒట్టిగా తింటుంటే "ఏవండీ, ఉప్పు ఎక్కువైందా, అన్నం పెట్టుకోరేం?" అని మా ఆవిడ నిలబడిపోయింది. రెండో రోజు నుంచి నా వాటాకి ఉప్పూ చింతపండూ తగ్గించి, గోరుచిక్కుడు కూర పెద్ద గిన్నెడు వండింది. ముందు కూర, తర్వాత చేప ముక్కలు, చివర్లో పులుసుతో అన్నం. 203. మళ్ళీ చూశాను, 207. ఇది కలిసొచ్చింది. పరిశోధన చేసినవాళ్ళకి మా ఆవిడ పడ్డ అవస్థ తెలియదు గానీ, వంట మార్చకుండా ఈ పద్ధతి మన ఇళ్ళలో నాలుగు రోజులు కూడా నడవదు.

బియ్యం సంగతి రాయకపోతే నా ఉద్యోగానికే అవమానం. మాకు పక్కనే మార్టేరు. అక్కడి వరి పరిశోధన కేంద్రం ఇచ్చిందే ఎంటీయూ 7029, మనం స్వర్ణ అంటాం. ఫిలిప్పీన్స్‌లోని అంతర్జాతీయ వరి పరిశోధన సంస్థ, ఆస్ట్రేలియా వాళ్ళు కలిసి 235 రకాల బియ్యం పరీక్షించి 2012లో ఫలితం చెప్పారు. షుగరు లేపే సూచీ కొన్నిటికి 48, కొన్నిటికి 92 దాకా ఉంది, సగటు 64. స్వర్ణ తక్కువ జాబితాలో వచ్చింది. మనం చేసేదేమిటి? స్వర్ణ పండించి, మిల్లుకు తోలి, ఆ డబ్బుతో సన్నబియ్యం కొనుక్కుని తింటాం. నేనూ అంతే. మూడు రోజులు మిల్లులోంచి స్వర్ణ తెచ్చి వండించాను. అదే 250 గ్రాములు, అదే పప్పు. సన్నబియ్యానికి 238, స్వర్ణకి 211, 216, 209. లావుగా ఉంది, గొంతు దిగడం లేదని మా ఆవిడ, నిజమే. అదే స్వర్ణ రాత్రి వండి, పొద్దున పెరుగూ ఉల్లిపాయతో చద్దన్నంగా తింటే 174. వండిన అన్నం చల్లారితే దానిలో కొంత పిండి అరగని రకంగా మారుతుందట. మా నాన్న రోజూ తినేది అదే. మేము ఇడ్లీకి మారాం, నాలుగు ఇడ్లీకి 226.

నా ఒక్కడి అంకెలు నాకే. మీకు ఇడ్లీ ఏమీ చెయ్యకపోవచ్చు.

తిట్లకు వస్తాను. తొమ్మిదో రోజుకి జిగురు అంచులు లేచాయి. బాయిలరు వేడి, చెమట, ఊక దుమ్ము. మందుల షాపులో ప్లాస్టరు కొని చుట్టూ అంటిస్తే ఆగింది. డబ్బాలో రెండు టేపు ముక్కలు పెడితే వాళ్ళ సొమ్మేం పోయింది? పదకొండో రాత్రి రెండింటికి ఫోను గోలపెట్టింది, షుగరు 58 అని. మా ఆవిడ పరుగున పంచదార నీళ్ళు కలుపుకొచ్చింది. చెమట లేదు, వణుకు లేదు, వేలు గుచ్చి చూస్తే 112. ఆ చెయ్యి కిందేసుకుని పడుకుంటే సెన్సరు నలిగి తప్పుడు అంకె చూపిస్తుందని తెల్లారాక మేనకోడలు చెప్పింది. ఈ ముక్క వాడకం కాగితంలో ఇంగ్లీషులో, నాలుగో పేజీలో, చీమ తలకాయంత అక్షరాల్లో ఉంది. యాప్‌లో తెలుగు లేదు. కస్టమర్ కేర్‌కి ఫోను చేస్తే హిందీ లేదా ఇంగ్లీషు. విటమిన్ సి బిళ్ళలు ఎక్కువ మోతాదులో వేసుకుంటే అంకె పెరిగి చూపించవచ్చన్న హెచ్చరిక కూడా ఆ కాగితంలోనే. మనవాళ్ళు చాక్లెట్లలా చప్పరించే బిళ్ళలవి.

70కీ 180కీ మధ్య రోజులో ఎంతసేపు ఉన్నాం అన్నది కూడా ఇది చూపిస్తుంది. షుగరు ఉన్నవాళ్ళలో చాలామందికి అది 70 శాతం దాటాలని 2019లో డాక్టర్ల అంతర్జాతీయ బృందం ఒకటి చెప్పింది. నాకు మొదటి వారం 51, రెండో వారం 69. రెండో వారం రాత్రి భోజనం ఏడున్నరకే మిల్లుకి క్యారేజీలో వచ్చింది, టీలు రెండయ్యాయి, తిన్నాక గోదాం చుట్టూ పావుగంట తిరిగాను. ఆ గీతల కాగితం చూశాక డాక్టరు గారు ఈసారి స్వీట్ల మాట ఎత్తలేదు.

5కి మూడున్నర ఇస్తాను. ఒకటి టేపుకీ తెలుగు లేనందుకూ, సగం ఆ అర్ధరాత్రి గోలకి. నెలనెలా కొనక్కర్లేదు. ఇన్సులిన్ తీసుకునేవాళ్ళ లెక్క వేరు, వాళ్ళు డాక్టరు చెప్పినట్టు చెయ్యాలి. బిళ్ళల మీద ఉన్న నాలాంటివాళ్ళు ఒకసారి పెట్టించుకుని, ఆ రెండు వారాలూ తిన్నది తిన్నట్టు పుస్తకంలో రాసుకోవాలి. రాయకపోతే 4,800 రూపాయలకి మిగిలేది గీతలే. కొనేముందు మీ ఫోను దానికి పనికొస్తుందో లేదో షాపులోనే చూపించుకోండి, డబ్బా మీద ఎక్స్‌పైరీ తేదీ చూడండి. నాకిచ్చినదానికి 23 రోజులే మిగిలి ఉంది, పైసా తగ్గించలేదు.