పెరట్లో తేనెపెట్టె: ఏ నమోదు మేలు?

కోనసీమలో కొబ్బరిచెట్ల నడుమ ఇల్లున్నవారు పెరట్లో ఒకటి రెండు తేనెపెట్టెలు పెట్టాలనుకుంటే మొదట వచ్చే సందేహం అనుమతి గురించే. ఇంటి వాడకానికి తేనెటీగలను పెంచుకునేవారు తప్పక నమోదు కావాలనే కేంద్ర చట్టమేదీ లేదు. అందువల్ల ఎంచుకోవలసినవి రెండు: జాతీయ తేనెటీగల బోర్డువారి మధుక్రాంతి పోర్టల్‌లో నమోదు, ఆహార భద్రత రిజిస్ట్రేషన్.

2021లో మొదలైన మధుక్రాంతి ఉద్దేశం తేనె ఎక్కడిదో, ఎవరిదో జాడ తెలియడం. పెట్టెలను పూతను బట్టి ఊరూరా తిప్పుతూ టోకుగా అమ్మేవారికి అది మేలు. కొబ్బరి ఏడాది పొడవునా పూస్తుంది కనుక పెరటి పెంపకందారు పెట్టె కదిపే పని అంతగా ఉండదు. అతనికి ఇది తొందర కాదు.

ఒక్క సీసా అమ్మినా లెక్క మారుతుంది. 2006 నాటి ఆహార భద్రత చట్టం చిన్న తయారీదారులనూ రిజిస్ట్రేషన్ చేయించుకోమంటుంది. 2011లో వచ్చిన నిబంధనలు అప్పట్లో వార్షిక టర్నోవరు 12 లక్షల రూపాయలు మించనివారిని ఈ కోవలో చేర్చాయి. నా దృష్టిలో అమ్మకందారుకు ముందుగా కావలసింది ఇదే. అయితే కాగితం చేతికొచ్చినంత మాత్రాన తేనె నిలవదు. ప్రమాణాల ప్రకారం తేమ 20 శాతం మించకూడదు. మూత తీసిన డబ్బాలో ఉప్పే నీరయ్యే మన డెల్టా గాలిలో అది తేలిక కాదు. గదులన్నీ మైనంతో మూసుకోని పట్టును తొందరపడి పిండితే, ఆ తేనె కొద్ది రోజులకే నురగ కట్టి పులిసిన వాసన వేస్తుంది.

ఈ రెండింటిలో ఏదీ ఇరుగుపొరుగుతో తగాదాను ఆపదు. పెంచే ప్రాణివల్ల మనుషులకు ప్రమాదం రాకుండా తగు జాగ్రత్త తీసుకోని యజమానికి భారతీయ న్యాయ సంహిత 291వ సెక్షన్ ఆరు నెలల వరకు జైలు, 5,000 రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ విధిస్తుంది. కనుక పెట్టె ద్వారం పక్కింటి డాబా వైపు కాక కాలువగట్టు వైపు తిప్పి, దగ్గరలో రాళ్లు వేసిన నీళ్ల పళ్లెం ఉంచాలి; లేకుంటే వేసవిలో ఈగలు పక్కింటి కుళాయి చుట్టూ మూగుతాయి.

చుట్టూ వరిచేలుంటే మందు కొట్టే రోజును రైతునడిగి తెలుసుకోవలసిందే. ముందురోజు పొద్దు గూకి ఈగలన్నీ లోపలికి చేరాక ద్వారానికి గాలాడే వల బిగించే పని మాత్రం ఏ రిజిస్ట్రేషనూ చేసిపెట్టదు.