ఏడాది దాటిన పిల్లకు వారం తిండి: డబ్బానా, ఉగ్గు పొడా, మన గిన్నెలోదేనా?

చిన్న పిల్లలున్న ఇంటికి ఎవరొచ్చినా అడిగేది ఒకటే, "పాపకు ఏం పెడుతున్నారు?" అని. మా పాపకు ఇప్పుడు ఇరవై నెలలు. మొదట సెరెలాక్ లాంటి డబ్బా పొడి పెట్టాను, తర్వాత అత్తమ్మ చేసిన ఉగ్గు పొడి, రాగి పిండి పెట్టాను, ఇప్పుడు నాలుగు నెలలుగా మేం వండుకునేదాంట్లోంచే కారం వేయకముందు తీసి పెడుతున్నాను. హన్మకొండలో అద్దె ఇల్లు, ఒక్క జీతం, అందుకే మూడింటికీ లెక్క రాసుకున్నాను. అది చూసుకున్నాకే చెబుతున్నా, మూడోదే మేలు. మిగతా రెండూ పనికిరావని కాదు, వాటి అవసరం వేరే చోట ఉంది.

డబ్బాలో సుఖం ఉంది, కాదనను. వేడి నీళ్లు పోసి కలిపితే అయిపోతుంది, ఐరన్, విటమిన్లు కలిపే ఉంటాయి, ప్రయాణంలో పాడవదు. కానీ 300 గ్రాముల పెట్టె మా దగ్గర 300 రూపాయలకు కాస్త అటూ ఇటూగా ఉంది, పూటకు 50 గ్రాముల చొప్పున రెండు పూటలు పెడితే మూడు రోజులకు ఖాళీ. అంటే వారానికి 700 దాకా, అదీ రెండు పూటలకే. పైగా 2024 ఏప్రిల్‌లో పబ్లిక్ ఐ అనే స్విట్జర్లాండ్ సంస్థ మన దేశంలో అమ్మే సెరెలాక్‌లో పూట మోతాదుకు సగటున 2.7 గ్రాముల చక్కెర అదనంగా కలుపుతున్నారని బయటపెట్టింది. ఆ తర్వాత చక్కెర కలపని రకాలు కూడా వచ్చాయి, కాబట్టి కొనేవాళ్లు పెట్టె వెనక రాసింది చదివి కొనండి. నాకు ఎదురైన ఇబ్బంది మాత్రం ఇంకోటి. ఆ మెత్తదనానికి, తీపికి అలవాటుపడి మా పాప నమలడమే మానేసింది, పప్పన్నంలో ఒక్క మెతుకు తగిలినా ఉమ్మేసేది. పద్నాలుగు నెలల పిల్ల మెతుకు నమలకపోతే ఎంత టెన్షన్ పడ్డానో నాకే తెలుసు.

అప్పుడు అత్తమ్మ రంగంలోకి దిగింది. రెండు గ్లాసుల బియ్యం, గ్లాసు పెసరపప్పు, గుప్పెడు కందిపప్పు, కాస్త జీలకర్ర, చిటికెడు వాము, అన్నీ కడిగి ఆరబెట్టి దోరగా వేయించి రవ్వలా పట్టిస్తే ఉగ్గు పొడి. రాగులైతే రాత్రంతా నానబెట్టి, బట్టలో మూట కట్టి, మొలక వచ్చాక ఎండబెట్టి పిండి పట్టించడం. మొలక కట్టడం ఊరికే పాతకాలపు అలవాటు అనుకునేదాన్ని, కాదు. మామూలు పిండి కాస్త ఎక్కువేస్తే జావ గడ్డ కడుతుంది, మనం నీళ్లు పోస్తాం, ఆ నీళ్లతోనే పిల్ల కడుపు నిండిపోతుంది. మొలకెత్తిన పిండి జావను పలచబరుస్తుంది, అందుకే అదే గిన్నెలో ఎక్కువ పిండి పడుతుంది, అదే పది చెంచాల్లో ఎక్కువ బలం వెళ్తుంది. పిల్లలకు పెట్టేది చెంచా వంచినా జర్రున జారిపోకూడదు, అంత చిక్కగా ఉండాలి. రాగుల్లో 100 గ్రాములకు 350 మిల్లీగ్రాముల దాకా కాల్షియం ఉంటుంది, ధర కూడా తక్కువే, ఇంతకంటే చవకైన కాల్షియం నాకు తెలియదు. బాదం, జీడిపప్పు కలపకపోతే బలం రాదని చాలామంది అంటారు గానీ వేయించిన పల్లీల పొడి ఒక చెంచా కలిపితే చాలు. పల్లీలు మొదటిసారి పెట్టేటప్పుడు కొద్దిగా పెట్టి చూడండి, గింజలు గింజలుగా మాత్రం అస్సలు ఇవ్వొద్దు, గొంతుకు అడ్డం పడతాయి.

దీంతో చిక్కేమిటంటే పని. ఒక ఆదివారం మొత్తం పోతుంది, వానాకాలంలో ఎండదు, ఎక్కువ చేసి పెడితే పురుగు పడుతుంది. ఇంకోటి, పొద్దున, సాయంత్రం అదే రుచి అయ్యేసరికి మూడో వారానికల్లా పాప మొహం తిప్పేసింది.

ఇక్కడే బాలామృతం గురించి చెప్పాలి. తెలంగాణలో ఏడు నెలల నుంచి మూడేళ్ల దాకా పిల్లలకు అంగన్‌వాడీలో నెలకు 2.5 కిలోల ప్యాకెట్, 16 గుడ్లు ఇస్తారు. గోధుమ, శనగపప్పు, పాలపొడి, నూనె, చక్కెరతో చేసిన పిండి అది. ఊరికే వస్తుందని దాన్ని చులకన చేయడం, గేదెల దాణాలో కలిపేయడం నేను కళ్లారా చూశాను, చాలా బాధేసింది. తీపి ఎక్కువనిపిస్తే సగం రాగి పిండి కలిపి జావ కాయండి, ఇంకా బెల్లం వేయాల్సిన పని లేదు. నేను వారానికి రెండుసార్లు దాన్ని చిన్న రొట్టెలా కాల్చి ఇస్తాను, చేత్తో పట్టుకుని కొరుక్కుంటుంది.

ఇక మన గిన్నె. నాకు ఆలస్యంగా తెలిసింది ఏమిటంటే వారం ప్లాన్ వేయాల్సింది పాపకు కాదు, మాకు. మేం ఏం వండుకుంటే అందులోంచి పాపకు ఏదో ఒకటి తీయగలగాలి, అంతే. పప్పులో పచ్చిమిర్చి కుక్కర్లోనే వేసే అలవాటు నాది, ఇప్పుడు పోపులో వేస్తున్నా. కుక్కర్ తీయగానే రెండు గరిటెలు పాపకు తీసి నెయ్యి వేసి అన్నంలో మెదిపి పెడతాను, మిగతా పప్పుకు ఉప్పు, కారం, పోపు తర్వాత. సోమవారం పాలకూర పప్పు, మంగళవారం సొరకాయ కూర, బుధవారం గుడ్లు, గురువారం తోటకూర పప్పు, శుక్రవారం క్యారెట్, బఠానీ వేసిన మెత్తటి కిచిడీ, శనివారం టమాటా పప్పు, ఆదివారం చికెన్. చికెన్‌లో అల్లం, పసుపుతో ముక్క ఉడికాక కారం పడకముందే రెండు ముక్కలు తీసి పీచు పీచుగా తుంచి అన్నంలో కలుపుతా. కోడి లివర్ ఒక చిన్న ముక్క కూడా ఆ రోజే, అది చవక, ఐరన్ బాగా ఉంటుంది. పొద్దున ఇడ్లీ గానీ అటుకుల ఉప్మా గానీ రాగి జావ గానీ, సాయంత్రం అరటిపండు లేదా గింజలు తీసిన మెత్తటి జామ ముక్కలు. రాత్రి మాకు జొన్న రొట్టె ఉంటే పాలలో నానబెట్టి ఇస్తా, లేదంటే పెరుగన్నం.

లెక్కకొస్తే పాలు రోజుకు 400 మిల్లీలీటర్ల చొప్పున వారానికి 170 దాకా, బియ్యం, పప్పు, రాగులు కలిపి 60, పండ్లు 60, కూరలు 40, నెయ్యి 45, అంగన్‌వాడీ గుడ్లు పోగా కొనే గుడ్లకు 20. చికెన్ ఎలాగూ మాకోసం తెచ్చేదే. మొత్తం 400 లోపు, అదీ మూడు పూటల అన్నం, చిరుతిండి, పాలతో సహా.

బలం సరిపోతుందా అంటే, హైదరాబాద్ తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ లెక్కలో 1 నుంచి 3 ఏళ్ల పిల్లలకు రోజుకు సుమారు 1010 కిలో క్యాలరీలు, 11 గ్రాములు దాటి ప్రొటీన్, 8 మిల్లీగ్రాముల ఐరన్ కావాలి. ఒక గుడ్డులోనే 6 గ్రాముల ప్రొటీన్ ఉంటుంది, పప్పు, పాలు కలిస్తే దాటిపోతుంది, దానికోసం ప్రొటీన్ పౌడర్లు కొనక్కర్లేదు. కష్టమల్లా ఐరన్‌తోనే. ఆ విషయంలో డబ్బా మన వంట కంటే ముందుందని ఒప్పుకోవాలి. అందుకే ఆకుకూర పెట్టిన రోజు నాలుగు నిమ్మ చుక్కలు పిండుతాను, లేదా తర్వాత జామ ఇస్తాను, వాటిలోని విటమిన్ సి వల్ల ఐరన్ ఒంటికి బాగా పడుతుంది. పాలు అర లీటరు దాటనివ్వను, ఎక్కువైతే అన్నం తినదు, ఐరన్ కూడా తగ్గుతుంది. చాయ్‌లో బిస్కెట్ ముంచి పెట్టడం పూర్తిగా మానిపించాను. దీనికి అత్తమ్మతో చాలా రోజులు మాట పట్టింపు వచ్చింది, "ఒక్క బిస్కెట్‌కు ఏమైతదే" అనేది. చాయ్ ఐరన్‌ను ఒంటికి పట్టనివ్వదని అంగన్‌వాడీ టీచర్ చెప్పాకే విన్నది.

మరి ఉగ్గు పొడి, డబ్బా ఎప్పుడు? పచ్చిపులుసు, పచ్చడితో మేం సరిపెట్టుకునే రోజు ఉగ్గు. జ్వరం వచ్చి నమలలేని రోజూ ఉగ్గే. అందుకే 15 రోజులకు సరిపడా మాత్రమే చేసి పెట్టుకుంటాం. డబ్బా అయితే ఊరికి వెళ్లేటప్పుడు ఒక చిన్న ప్యాకెట్, బస్సులో వేడి నీళ్లు దొరికితే చాలు కాబట్టి.

ఇద్దరూ పనికి వెళ్లే ఇళ్లలో మధ్యాహ్నం పిల్లను చూసుకునే వాళ్లకు గిన్నెలోంచి తీసి పెట్టడం కుదరకపోవచ్చు, అలాంటప్పుడు పొద్దున్నే పప్పన్నం మెదిపి టిఫిన్ బాక్సులో పెట్టి ఇవ్వడం కంటే ఉగ్గు పొడి ఇచ్చి అప్పటికప్పుడు వండమనడమే నయం, ఎండాకాలంలో పొద్దున కలిపిన అన్నం మధ్యాహ్నానికి వాసన వస్తుంది. ఏ పద్ధతి పట్టినా నెలకోసారి అంగన్‌వాడీలో బరువు తూయించి ఎదుగుదల కార్డులో బరువు గీత చూసుకోండి. గీత రెండు నెలలు పైకి కదలకపోతే పద్ధతి మార్చడం కాదు, డాక్టర్‌కు చూపించాలి. మా పాపది గత నెల 10 కిలోల 400. మెతుకులు నములుతోంది, పాలకూర పప్పు రోజు మాత్రం రెండోసారి కూడా పెట్టమని గిన్నె చాపుతోంది.